స్నానం నీళ్లలో రెండు మూతలు

కెనడాలోని సస్కటూన్‌లో పాతికేళ్ల పైచిలుకు పిల్లల చర్మం చూసి, రిటైరయ్యాక మిస్సిసాగాకు మారాను. ఇక్కడ ఎవరింటికి భోజనానికి వెళ్లినా, ప్లేట్లో పులిహోర పడేలోపే ఎవరో ఒకరు పిల్లాడి చొక్కా పైకెత్తి వీపు చూపిస్తారు.

"ఆంటీ, ఒక్కసారి చూడండి. ఇది అలర్జీయేనా?"

నేను చెంచా పక్కన పెట్టి, ఒంటికి ఏం రాస్తున్నారని అడుగుతాను. "ఏమీ రాయట్లేదాంటీ" అంటారు. ఆ "ఏమీ" విప్పి చూస్తే అందులో ఐదారు సరుకులుంటాయి. కొబ్బరినూనె ఏమీ కాదు. అమ్మమ్మ పంపిన సున్నిపిండి ఏమీ కాదు. ఆన్‌లైన్లో తెప్పించిన బామ్ అసలే ఏమీ కాదు, ఎందుకంటే అది నేచురల్. దురదగొండి కూడా నేచురలేనని నేను అనను. పులిహోర చల్లారిపోతుంది.

మా పక్క వీధి అమ్మాయికి ఈ ఏడాది చర్మవ్యాధుల శాఖలో రెసిడెన్సీ, అంటే మన పీజీ సీటు లాంటిది, వచ్చింది. ఏ పుస్తకాలు చదవాలో చెప్పమని అడిగింది. పుస్తకాలు నాకంటే ఆ పిల్లకే బాగా తెలుసు. పుస్తకాల్లో లేనిది నా దగ్గర ఒకటుంది. అది నేను చేసిన తప్పు. ఆమె కోసమే ఇది రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

ఈ పనిలో ముప్పాతిక భాగం అడగడం, పాతిక భాగం మందు రాయడం. చాలాకాలం నేను తిరగేసి చేశాను. అలా చేస్తే రోజుకు ఎక్కువమందిని చూడొచ్చు, మంచి పేరు కూడా వస్తుంది.

ఒంటికి తగిలిన వస్తువు వల్ల వచ్చే అలర్జీకి ఒక దొంగబుద్ధి ఉంది. రాసిన వెంటనే రాదు, ఒకటి రెండు రోజులాగి వస్తుంది. కొత్త వస్తువు కంటే, నెలల తరబడి వాడి అలవాటైన వస్తువుతోనే ఎక్కువగా వస్తుంది. అందుకే ప్రతి తల్లీ "అది ఎప్పట్నుంచో వాడుతున్నాం, అది అయ్యుండదు" అంటుంది. ఆ మాట విన్నప్పుడే పెన్ను తీయాలి.

తేల్చుకోవడానికి ప్యాచ్ టెస్టు చేస్తాం. అనుమానం ఉన్న పదార్థాల్ని కొద్ది కొద్దిగా వీపు మీద అంటించి, రెండు రోజులు నీళ్లు తగలకుండా ఉంచి, తీసి చూస్తాం. మరో రెండు రోజులకు మళ్లీ చూస్తాం. ఎక్కడ ఎర్రగా పొంగితే అదే దోషి. చెప్పడానికి ఇంతే. ఐదేళ్ల పిల్లను రెండు రోజులు వీపు గోక్కోకుండా కూర్చోబెట్టడం ఏ పుస్తకంలోనూ ఉండదు.

సీసాల మీద సాహిత్యం

సీసాల మీద రాసేవాళ్లంటే నాకు గౌరవం. "చర్మవైద్యులు పరీక్షించినది" అని ఉంటుంది. పరీక్షించారనే ఉంటుంది గానీ పాసయిందని ఎక్కడా ఉండదు. "సున్నితమైన చర్మానికి" అని ఉన్న సీసాలో, సున్నితమైన చర్మానికి ఏది పడదో అది కూడా ఉంటుంది. అక్షరాలు చీమ తలంత ఉంటాయి కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోదు.

చివరి ఏళ్లలో నా దగ్గరికి ఒక పదేళ్ల పిల్ల వచ్చింది. ముఖమంతా ఎర్రగా కంది, రెప్పలు వాచి ఉన్నాయి. వీడియోలు చూసి నేర్చుకుందట, పొద్దున ఏడు, సాయంత్రం ఐదు రకాలు ముఖానికి రాస్తుంది. పారదర్శకంగా ఉన్న సంచిలోంచి ఒక్కో సీసా తీసి, ఇంగ్లీషులో నాకు పాఠం చెప్పింది. ఒక సీసా ముడతల కోసమంది.

"నీకు ముడతలు ఎక్కడున్నాయమ్మా?" అన్నాను.

"ఇంకా లేవు. ఇది ప్రివెంటివ్" అని, నా ముఖం కేసి ఒకసారి జాలిగా చూసింది.

అన్నీ ఆపేయమన్నాను. ఎన్నాళ్లని అడిగింది. నలభై ఏళ్లన్నాను. మూడు వారాల్లో ముఖం తేటపడింది. డాక్టరు ఒక్క క్రీమ్ కూడా రాయలేదని వాళ్లమ్మ ఇంటర్నెట్లో నాకు ఒక్క నక్షత్రం ఇచ్చింది.

ఇలాంటివి చెప్పుకుంటూ పోతే నేను చాలా తెలివైనదాన్నని మీకు అనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ ఆపి జాహ్నవి సంగతి చెబుతాను.

జాహ్నవి

అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లుంది. శ్రీకాంత్ అని ఖమ్మం అబ్బాయి, మన ఎర్రపప్పు మీద యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. భార్య లావణ్య ఒక బేకరీలో పార్ట్‌టైం పని చేసేది. వాళ్ల కూతురు జాహ్నవికి ఐదేళ్లు, కిండర్‌గార్టెన్. ఫ్యామిలీ డాక్టరు రిఫరల్ పంపితే, కొన్ని నెలలు వెయిట్ చేసి నవంబరులో నా దగ్గరికి వచ్చారు.

"తెలుగు డాక్టరున్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది మేడం" అంది లావణ్య.

పిల్లకు మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక పొడిబారి దురద. సస్కటూన్ చలికాలంలో అది సగం మంది పిల్లలకు ఉండేదే. ఎగ్జిమా అన్నాను, అది నిజమే. ఆయింట్‌మెంట్ రాశాను. "గోక్కుంటే పుండు పడి ఇన్ఫెక్షన్ వస్తుంది, శుభ్రంగా ఉంచండి" అన్నాను. ఆ "శుభ్రంగా" అనే మాటను అప్పటిదాకా కొన్ని వేలసార్లు అని ఉంటాను. అంటే ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

డిసెంబరులో మళ్లీ వచ్చారు. ఎరుపు మోకాళ్లు దాటి తొడలకు, పిరుదులకు, బొడ్డు దాకా పాకింది. ఇంకొంచెం బలమైన ఆయింట్‌మెంట్ రాశాను. జనవరి మొదట్లో మూడోసారి వచ్చారు. అప్పటికి చర్మం పొరలుగా ఊడుతోంది.

"రోజూ రాస్తున్నారా?" అన్నాను.

"రెండు పూటలా రాస్తున్నా మేడం."

మందు పనిచేయనప్పుడు డాక్టరు ముందు రెండు దారులుంటాయి. ఒకటి, నేను కనిపెట్టింది తప్పేమో అనుకోవడం. రెండోది, తల్లి మందు రాయడం లేదనుకోవడం. రెండో దారిలో వెళితే లంచ్‌కి టైముకు చేరొచ్చు. ఆ రోజు బయట ఇంకా నలుగురు పేషెంట్లున్నారు. నేను చార్టులో "తల్లి సూచనలు పాటించడం లేదు" అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి, ఇంకా బలమైన మందు ఇచ్చి పంపేశాను.

తెలుగువాళ్లను తెలుగులో అడగగలనని నాకు గర్వంగా ఉండేది. అడగగలను, నిజమే. అడగలేదు.

స్కూలు నుంచి ఫోను

ఆ నెలాఖరులో స్కూల్లో జాహ్నవికి స్నో ప్యాంట్లు విప్పుతుంటే లోపలి ప్యాంటు కూడా కిందికి జారింది. తొడలు ఎర్రగా, తోలు ఊడి కనిపించాయి. ఏమైందని టీచరు అడిగింది. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. టబ్‌లో మండుతుంది, మమ్మీ కూర్చోమంటుంది, అని.

టీచరు చట్టప్రకారం పిల్లల సంరక్షణ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆమె స్థానంలో నేనున్నా చేసేదాన్నే. పిల్లను చూసిన ఆస్పత్రి డాక్టరు, బొడ్డు దగ్గర ఎరుపు గీత గీసినట్టు ఆగిందని, కాగే నీళ్లలో కూర్చోబెడితే కాలిన గీత ఇలాగే ఉంటుందని, ఖాయంగా చెప్పలేమని, కాదనీ అనలేమని రాశాడు. మూడు నాలుకలున్న వాక్యం. మా వృత్తిలో అలాంటివి బాగా రాస్తాం.

సోషల్ వర్కర్ నాకు ఫోన్ చేసింది. చిన్న వయసు, నెమ్మదైన గొంతు.

"తల్లి సూచనలు పాటించడం లేదు. ఇది మీరు రాసిందేనా డాక్టర్?"

"నేనే రాశాను."

"ఏ సూచనలు?"

మందు రాయమన్నాననీ, శుభ్రంగా ఉంచమన్నాననీ చెప్పాను. ఆమె రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

విషయం తేలేదాకా జాహ్నవిని శ్రీకాంత్ స్నేహితుల ఇంట్లో ఉంచాలన్నారు. లావణ్య పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, స్నానం చేయించకూడదు. పది రోజుల్లో పిల్ల ఒళ్లు సగం మానింది. తల్లికి దూరంగా ఉంటే మానుతోందంటే అర్థమేమిటో ఎవరికి వాళ్లు తేల్చుకున్నారు. దాచడం ఎందుకు, ఒక రోజంతా నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు అన్నం బాగానే తిన్నాను కూడా. నా వాక్యం నిజమైనందుకు కొంచెం తృప్తి పడ్డానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ప్లాస్టిక్ సంచి

మర్నాడు లావణ్య అపాయింట్‌మెంట్ లేకుండా ఒక్కతే క్లినిక్‌కు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి. గదిలోకి రాగానే దాన్ని నా టేబుల్ మీద బోర్లించింది. నేను రాసిచ్చిన ఆయింట్‌మెంట్ ట్యూబులన్నీ. చపాతీ కర్రతో అదిమినట్టు పల్చగా, చివరి చుక్క దాకా పిండి ఉన్నాయి. వాటితోపాటు పిల్ల టవల్ ఒకటి.

"నేను రాయలేదని రాశారంట కదా మేడం. చూడండి, ఎంత రాసిన్నో. రాసి రాసి నా వేళ్లే పగిలినయ్."

సరిగ్గా అప్పుడే మా బాస్ డాక్టర్ ఎలనార్ ఏదో ఫైలు కోసం లోపలికి వచ్చింది. ఆవిడ గోధుమ పొలాల్లో పెరిగిన మనిషి, రోజుకు ఇరవై మాటల కంటే ఎక్కువ మాట్లాడదు. మొదట్లో నా ఇంగ్లీషు ఆవిడకు అర్థం కావట్లేదేమో అనుకునేదాన్ని. అర్థమయ్యే మాట్లాడటం లేదని తర్వాత తెలిసింది.

ఆవిడ గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది.

"ఇక్కడ ఎవరు గాయం కడిగారు?"

"ఎవరూ కడగలేదు" అన్నాను.

ఆవిడ వచ్చి టవల్ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, నాకిచ్చింది. నేనూ వాసన చూశాను. నాకు ఏ వాసనా తెలియలేదు. టవల్ వాసనే అనిపించింది. నా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో టవళ్లన్నీ అలాగే ఉండేవి. సస్కటూన్‌లో మా ఇంట్లోనూ అలాగే ఉంటాయి.

అప్పుడు తట్టింది. మోకాలు దోక్కుపోతే పోసేది, గడ్డం గీసుకున్నాక పూసేది, నీళ్లలో వేయగానే పాలలా తెల్లబడేది, ఇండియా నుంచి సూట్‌కేసులో ఆవకాయ పక్కన సర్దుకొచ్చేది. నా బాత్రూం అలమరలో కూడా ఒక సీసా ఉంది.

"లావణ్యా, పిల్ల స్నానం నీళ్లలో ఏమైనా వేస్తున్నారా?" మూడు నెలల తర్వాత అడిగాను.

"ఏమీ వేయను మేడం. ఆ యాంటీసెప్టిక్ ఒక్కటే. మా అత్తయ్య పిల్ల చిన్నప్పట్నుంచి వేయమనేది. ముందు ఒక మూత వేసేదాన్ని. మీరు ఇన్ఫెక్షన్ వస్తుంది, శుభ్రంగా ఉంచమన్నారు కదా. అప్పట్నుంచి రెండు మూతలు వేస్తున్న."

ఎలనార్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నా కంప్యూటర్లో పిల్ల ఫోటోలు తెరిచింది. మూడు విజిట్లలోనూ నేనే తీసినవి. చివరి రెండింటిలో బొడ్డు దగ్గర ఎరుపు అడ్డంగా గీత గీసినట్టు ఆగిపోయింది. టబ్‌లో కూర్చున్న పిల్లకు నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో అక్కడి దాకానే. ఆస్పత్రి డాక్టరు కనీసం ఆ గీతను చూశాడు. నేను రెండుసార్లు ఫోటో తీసి కూడా చూడలేదు.

సోమ, బుధ, శుక్ర

అనుమానం చాలదు, రుజువు కావాలి. పిల్ల వీపు పైభాగం మొదట్నుంచీ బాగానే ఉంది. ఆ సోమవారం శ్రీకాంత్ జాహ్నవిని తీసుకొచ్చాడు. లావణ్య బయట వెయిటింగ్ రూంలో కూర్చుంది. ఒంటరిగా ఉండకూడదన్నారే గానీ మా నర్సు ఎదురుగా ఉంటే లోపలికి రావచ్చు. కానీ ఆమెకు ఆ నియమాల మీద ఎంత భయం పట్టుకుందంటే, నేను పిలిచినా గుమ్మం దాటలేదు.

పలుచన చేసిన ఆ యాంటీసెప్టిక్ మందును, ఇంకొన్ని పదార్థాలను వీపు మీద అంటిస్తుంటే జాహ్నవి మెడ తిప్పి అడిగింది.

"విల్ ఇట్ బర్న్?"

"మండదమ్మా" అన్నాను.

"మమ్మీ ఆల్సో సెడ్ దట్."

శ్రీకాంత్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

బుధవారం తీసి చూస్తే ఒక్కచోట ఎరుపు. శుక్రవారానికి అది కాస్తా పొంగి, చిన్న చిన్న నీటిపొక్కులతో తేలింది. మిగతా వీపంతా తెల్లకాగితంలా ఉంది. లావణ్యను నర్సు చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆమె ఆ మచ్చ కేసి చాలాసేపు చూసింది.

"అంటే నేనే చేసిన్నా మేడం?"

ఈ ప్రశ్నకు డాక్టర్లం మామూలుగా చెప్పే జవాబొకటుంది. ఎవరి తప్పూ లేదమ్మా, ఇలాంటివి జరుగుతుంటాయి, అని. వినడానికి దయగా ఉంటుంది. నిజానికి మనల్ని మనం వదిలేసుకోవడానికి పనికొస్తుంది.

"వేసింది మీరు. వేసేలా చెప్పింది నేను. అడగాల్సింది కూడా నేనే" అన్నాను.

ఒకటిన్నర పేజీ, మూడు లైన్లు

చార్టులో ఒకసారి రాసింది చెరపడానికి వీల్లేదు. కింద ఇంకోటి చేర్చొచ్చు, అంతే. ఆ సాయంత్రం కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాను. చలికాలపు పొడిగాలి, ఎగ్జిమా స్వభావం, స్నానం విషయంలో సాంస్కృతిక అలవాట్లు, సమాచార లోపం. చదివితే ఎవరో ముగ్గురు కలిసి తప్పు చేసినట్టుంటుంది, ఆ ముగ్గురిలో నేను లేను.

ఎలనార్ చదివింది.

"సాంస్కృతిక అలవాట్లంటే ఎవరి సంస్కృతి?"

"మాది."

"అయితే నీకు తెలిసుండాలి."

పెన్ను తీసి అడ్డంగా కొట్టుకుంటూ పోయింది. చివరికి మూడు లైన్లు మిగిలాయి. తల్లి సూచనలు పాటించింది. ఆ సూచనలు సరిగా ఇవ్వలేదు. ఒంటి మీదివి కాలిన గాయాలు కావు, యాంటీసెప్టిక్ వల్ల వచ్చిన అలర్జీ, పరీక్షలో రుజువైంది.

మరుసటి వారం సంరక్షణ ఆఫీసు మీటింగులో, సోషల్ వర్కర్, ఆమె పై అధికారి, లావణ్య, శ్రీకాంత్ అందరి ముందూ ఆ మూడు లైన్లు నేనే చదివాను. అధికారి రెండు ప్రశ్నలు అడిగాడు. ఆ సాయంత్రమే పిల్ల ఇంటికి వెళ్లింది. ఇంకో రెండు వారాలకు ఫైలు మూసేసినట్టు ఉత్తరం వచ్చింది.

పక్క వీధి అమ్మాయికి ఇక్కడ ఒక మాట. నువ్వు చార్టులో రాసేది నువ్వొక్కదానివే చదువుతావని అనుకోకు. అది కాళ్లున్న వాక్యం. నువ్వు లంచ్‌కి వెళ్లినప్పుడు అది ఎవరింటికో వెళ్లి తలుపు తడుతుంది.

ఖమ్మానికి వీడియో కాల్

మార్చిలో ఒక ఉదయం జాహ్నవిని చెకప్‌కు తీసుకొచ్చారు. ఒళ్లంతా మానింది. తొడల మీద రంగు కొంచెం తేడాగా ఉంది, అది కూడా పోతుందన్నాను. నేను చార్టులో చేర్చిన లైన్లు చూపించమంది లావణ్య. చూపించాను. ఇంగ్లీషు చదివి తలూపింది.

"ఆ పాత లైను తీసేయరా?"

"తీయడానికి వీల్లేదమ్మా. కింద ఇది ఉంటుంది."

ఆమె ఫోన్ తీసింది.

"మీరు ఆఫీసోళ్లకు ఇంగ్లీషులో చెప్పిన్రు. మంచిదే. మా అత్తయ్య మాత్రం రెండు నెలల నుంచి అందరికీ ఒకటే చెప్తుంది, కోడలు పిల్లను కాల్చుకుందంట, గవర్నమెంటోళ్లు తీసుకపోయిన్రంట అని. ఆమెకు తెలుగులో చెప్పండి మేడం. నేను చెప్తే నమ్మదు."

శ్రీకాంత్ "ఇప్పుడెందుకు లావణ్యా" అన్నాడు. ఆమె అప్పటికే నొక్కేసింది. ఖమ్మంలో రాత్రి భోజనాల వేళ. తెరమీద కళ్లజోడు పెట్టుకుని పెద్దావిడ కనిపించింది. లావణ్య ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

నేను నమస్కారం పెట్టి మొదలుపెట్టాను. అలర్జీ, రోగనిరోధక శక్తి అంటూ ఏదో వివరించబోయాను. లావణ్య ఫోన్ కొంచెం దగ్గరికి జరిపింది. అర్థమైంది.

"మీ కోడలు ఏ తప్పూ చేయలేదండీ. నేను చెప్పినట్టే చేసింది. నేను సరిగ్గా కనుక్కోకుండా ఆమె మీద తప్పు రాశాను. తప్పు నాది."

వెనక ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

"డాక్టర్లు కూడా ఇట్ల చెప్తరా?" అందావిడ.

"చెప్పమండీ, మామూలుగా."

"సరే తీయ్ తల్లీ. మరి ఇప్పుడు పిల్ల నీళ్లలో ఏమెయ్యమంటవ్? వేపాకు వేయమంటవా?"

"ఏమీ వేయొద్దండీ."

"పసుపు?"

"వద్దండీ. ఉత్త నీళ్లు చాలు."

"ఉత్త నీళ్లు చెప్పనీకి అంత దూరంల డాక్టరుండాల్నా?"

శ్రీకాంత్ దగ్గుతున్నట్టు నటించాడు. లావణ్య మాత్రం నవ్వలేదు. ఫోన్ తన వైపు తిప్పుకుని, "విన్నరు కదా అత్తయ్యా. ఇంతమందికి చెప్పిన్రు, ఇది కూడా అందరికీ చెప్పండి" అని కట్ చేసింది. పిల్లకు కోటు తొడిగింది, జిప్పు గడ్డం దాకా లాగింది, బూట్లు వేసింది. నాకు థాంక్స్ చెప్పలేదు.

తర్వాతి అపాయింట్‌మెంటు డాక్టర్ ఎలనార్ దగ్గర ఇమ్మని కౌంటర్లో అడుగుతుంటే నాకు వినిపించింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.